సెల్‌ఫోన్‌కు వచ్చే విపత్తు హెచ్చరికలు: ఫోన్‌నూ ఇంటినీ ముందే సిద్ధం చేసుకోవడం ఎలా?

2023లో కేంద్ర టెలికాం శాఖ, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కలిసి ఫోన్లకు విపత్తు హెచ్చరికలు పంపే పరీక్ష ఒకటి దేశమంతటా విడతలవారీగా జరిపాయి. మా ఊరి వంతు వచ్చిన రోజు నేను ఒక బ్యాంకులో పాస్‌బుక్కు ప్రింటు వేయించుకోవడానికి వరుసలో నిలబడి ఉన్నాను. ఉన్నట్టుండి ఇరవై ముప్పై ఫోన్లు, సైలెంట్‌లో పెట్టినవాటితో సహా, చెవులు చిల్లులు పడేలా ఒకేసారి మోగాయి. నా ముందున్న పెద్దాయన చేతిలోది పేలిపోతుందేమోనని ఫోన్‌ను కౌంటరు మీద వదిలేసి రెండడుగులు వెనక్కి వేశారు. అది కేవలం పరీక్ష సందేశమనీ, ఎవరూ ఏమీ చేయనక్కర్లేదనీ తెరమీద స్పష్టంగానే రాసి ఉంది. కానీ దాన్ని చదివినవారికంటే, ఈ మోత మళ్లీ రాకుండా ఎలా ఆపాలని అడిగినవారే ఎక్కువ. వరుసలోనే ఉన్న ఒక కుర్రవాడు సెట్టింగుల్లోకి వెళ్లి ఆ స్విచ్‌ను ఎక్కడ కట్టేయాలో నలుగురికీ ఓపికగా చూపించాడు.

ఆ రోజు కట్టేసిన స్విచ్‌లలో చాలావరకు ఇప్పటికీ అలాగే ఉండి ఉంటాయని నా అనుమానం. పరీక్ష ఒకసారి జరిగి అయిపోతుంది, సెట్టింగు మాత్రం ఉండిపోతుంది. కాబట్టి ఈ మార్గదర్శి అక్కడి నుంచే మొదలవుతుంది. ముందుగా ఈ వ్యవస్థ పనిచేసే తీరును క్లుప్తంగా చెప్పి, ఆ తర్వాత ఫోన్‌ను సరిచూసుకోవడం, సందేశాన్ని సరిగ్గా చదవడం, మోగిన వెంటనే చేయవలసిన పనులు, నెట్‌వర్క్ పోయినప్పుడు దిక్కేమిటన్నది వరుసగా వివరిస్తాను.

హెచ్చరిక మీ చేతికి వచ్చే దారి

హెచ్చరికను తయారుచేసేది సెల్‌ఫోన్ కంపెనీ కాదు. వాన, తుపాను, ఎండ, పిడుగుల సమాచారం వాతావరణ శాఖ నుంచి వస్తుంది. గోదావరి, కృష్ణా వరదల అంచనాలు కేంద్ర జల సంఘం ఇస్తుంది. సునామీ, ఎత్తైన అలల హెచ్చరికలు హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, అంటే ఇన్‌కాయిస్ నుంచి వెలువడతాయి. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తర్వాత ఏర్పాటై, 2007 అక్టోబరులో పని ప్రారంభించిన భారత సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం ఇక్కడే ఉంది. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలోని ఊరి నుంచి సముద్రపు హెచ్చరికలు వెళ్లడం వింతగా తోచినా, అలల కొలతలు పరికరాల ద్వారా ఉపగ్రహాల మీదుగా వస్తాయి కనుక కార్యాలయం ఒడ్డునే ఉండవలసిన అవసరం లేదు.

ఈ సంస్థలన్నీ తమ సమాచారాన్ని కామన్ అలర్టింగ్ ప్రొటోకాల్ అనే ఒకే నమూనాలో పంపుతాయి. ప్రమాదం ఏమిటి, ఎంత తీవ్రమైనది, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, పటంలో ఏ గీతల మధ్య ప్రాంతానికి వర్తిస్తుంది అన్న వివరాలకు ఆ నమూనాలో వేరువేరు గడులు ఉంటాయి. టెలికాం శాఖ పరిశోధన సంస్థ సీ-డాట్ రూపొందించిన సచేత్ అనే వేదిక దాన్ని అందుకుంటుంది. రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ సరిచూసి ఆమోదించాక, ఆ గీతల లోపల ఉన్న టవర్లకు, నంబర్లకు హెచ్చరిక బయలుదేరుతుంది.

అక్కడి నుంచి రెండు దారులు ఉన్నాయి. మొదటిది మామూలు ఎస్‌ఎంఎస్. ఇది తపాలా బంట్రోతు ఇంటింటికీ తిరిగి ఉత్తరం ఇచ్చినట్టు ఉంటుంది. ప్రతి నంబరుకూ విడివిడిగా పంపాలి. లక్షల నంబర్లు ఉంటే సమయం పడుతుంది, నెట్‌వర్క్ రద్దీగా ఉంటే ఇంకా ఆలస్యమవుతుంది. రెండోది సెల్ బ్రాడ్‌కాస్ట్. ఇది ఊళ్లో చాటింపు వేసినట్టు. టవర్ ఒక్కసారి చాటితే, దాని పరిధిలో ఉన్న ఫోన్లన్నీ ఒకేసారి వింటాయి. ఎవరి నంబరూ తెలియనవసరం లేదు, కాల్స్ కలవనంత రద్దీలోనూ అందుతుంది, పక్క రాష్ట్రం నుంచి వచ్చిన లారీ డ్రైవరు ఫోన్ కూడా మోగుతుంది. నిర్ణీత సమయం వరకు టవర్ అదే సందేశాన్ని మళ్లీ మళ్లీ చాటుతూనే ఉంటుంది. ఆలస్యంగా ఆ ప్రాంతంలోకి వచ్చినవారికీ అది అందడానికి కారణం ఇదే. ఒకసారి చూపిన సందేశాన్ని దాని గుర్తింపు సంఖ్యను బట్టి ఫోన్ పోల్చుకుంటుంది కనుక మీకు మాత్రం ఒక్కసారే మోగుతుంది.

చాటింపులో ఒక సుగుణం గోప్యతకు సంబంధించినది. చాటినవాడికి ఎవరెవరు విన్నారో తెలియనట్టే, సెల్ బ్రాడ్‌కాస్ట్ పంపినవారికి మీరెక్కడున్నారో తెలియదు. ప్రభుత్వం మన ఆచూకీ తీస్తోందన్న భయంతో దీన్ని ఆపేసినవారు నిశ్చింతగా తిరిగి పెట్టుకోవచ్చు.

మొదటి అడుగు: స్విచ్ ఎలా ఉందో చూడటం

ఆండ్రాయిడ్ ఫోన్లలో సాధారణంగా సెట్టింగ్స్‌లో సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ అనే విభాగం ఉంటుంది. దానిలో వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్ అన్నది తెరవాలి. కంపెనీని బట్టి ఈ పేరు, చోటు మారుతూ ఉంటాయి. కొన్ని ఫోన్లలో నోటిఫికేషన్ల కింద, మరికొన్నింటిలో మెసేజ్ యాప్ సెట్టింగుల లోపల దాగి ఉంటుంది. అందువల్ల వెతుకుతూ విసిగిపోకుండా, సెట్టింగ్స్ పైభాగంలోని సెర్చ్ గడిలో ఎమర్జెన్సీ అని టైపు చేయడం అన్నిటికంటే సులువు. ఐఫోన్‌లో అయితే సెట్టింగ్స్, ఆ తర్వాత నోటిఫికేషన్స్ తెరిచి, యాప్‌ల జాబితా మొత్తం దాటి అట్టడుగుకు వెళ్లాలి. అక్కడ ప్రభుత్వ హెచ్చరికల శీర్షిక కింద స్విచ్‌లు కనిపిస్తాయి.

లోపల ఒకటికి మించి స్విచ్‌లు ఉండవచ్చు. అన్నిటికీ పైన, అలర్ట్‌లను అనుమతించాలా అని అడిగేది ప్రధానమైనది. దాని కింద అతి తీవ్రమైన ముప్పులకు ఒకటి, తీవ్రమైన ముప్పులకు ఒకటి, పరీక్ష సందేశాలకు ఒకటి ఉంటాయి. మొదటి మూడూ తప్పనిసరిగా వేసి ఉంచాలి. పరీక్ష సందేశాలది కూడా వేసి ఉంచమనే నా సలహా, ఎందుకంటే మీ ఫోన్ ఈ చాటింపును నిజంగా అందుకుంటోందో లేదో తెలుసుకోవడానికి అంతకంటే మేలైన మార్గం మరొకటి లేదు. అదే పేజీలో వైబ్రేషన్, సందేశాన్ని చదివి వినిపించడం వంటి ఎంపికలు ఉంటే వాటినీ వేయండి.

కీప్యాడ్ ఫోన్ల సంగతి వేరు. వాటిలో మెసేజ్ సెట్టింగులలో సెల్ బ్రాడ్‌కాస్ట్ అనో, బ్రాడ్‌కాస్ట్ మెసేజెస్ అనో, ఇన్ఫో సర్వీస్ అనో ఉంటుంది. వెనకటి రోజుల్లో ఫోన్ తెరమీద మనం ఉన్న పేట పేరు కనిపించేది గుర్తుందా? అది ఈ సౌకర్యం పుణ్యమే. అయితే పాత ఫోన్లు వాడే పెద్దలు చాలామంది దీన్ని ఆపేసి ఉంచుతారు, దానికి వారిని తప్పుపట్టలేం. తెరమీద అడగకుండా ప్రత్యక్షమయ్యే వాణిజ్య సందేశాలకు పొరపాటున ఓకే నొక్కి బ్యాలెన్సు పోగొట్టుకున్న అనుభవం మా ఇంట్లోనూ ఉంది. విపత్తు హెచ్చరికకు ఓకే నొక్కితే రూపాయి కూడా పోదన్న మాట వారికి ప్రత్యేకంగా చెప్పాలి.

ఇక రాత్రిపూట ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టే అలవాటు ఉన్నవారికి ఒక హెచ్చరిక. ఆ మోడ్‌లో వైఫై పనిచేస్తున్నా టవర్‌తో సంబంధం తెగిపోతుంది కనుక చాటింపు చేరదు. తుపాను, వరద రోజుల్లోనైనా ఆ అలవాటును పక్కన పెట్టి, నిద్రకు భంగం కలగకూడదనుకుంటే సైలెంట్‌తో సరిపెట్టుకోవాలి. చాలా ఫోన్లలో తీవ్రమైన హెచ్చరిక సైలెంట్‌ను దాటుకుని మోగుతుంది.

రెండో అడుగు: ఎస్‌ఎంఎస్‌ను కోల్పోకుండా చూసుకోవడం

ఎస్‌ఎంఎస్ రూపంలో వచ్చే హెచ్చరికలు పది అంకెల నంబరు నుంచి కాక, అక్షరాల పేరుతో వస్తాయి. ఆ పేరు చివర ఒక గీత, దాని తర్వాత ప్రభుత్వానిదని తెలిపే జి అక్షరం ఉంటాయి. మెసేజ్ యాప్‌లు ఇలాంటివాటిని ప్రకటనల కుప్పలోకో స్పామ్‌లోకో నెట్టేయడం మామూలే. కనుక ఒకసారి ఆ కుప్పలన్నీ తెరిచి, వాతావరణ హెచ్చరికలు ఏవైనా అక్కడ పడి ఉన్నాయేమో చూడండి. ఉంటే స్పామ్ కాదని గుర్తుపెట్టి, ఆ పేరుకు వేరే మోతను ఎంచుకోండి. రోజుకు ముప్పై ఆఫర్ల మెసేజులు ఒకే టింగుమనే శబ్దంతో వచ్చే ఫోన్‌లో, పిడుగు హెచ్చరిక ముప్పై ఒకటోది అవుతుంది.

మూడో అడుగు: రెండు మూడు యాప్‌లు, అంతకు మించి వద్దు

సచేత్ పేరుతోనే జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ యాప్ ఉంది. 2025 ఏప్రిల్‌లో ప్రధానమంత్రి తన ఆకాశవాణి ప్రసంగంలో దీన్ని ప్రస్తావించారు. ఫోన్ ఉన్న చోటును బట్టి హెచ్చరికలు ఇవ్వడమే కాక, మీరు లేని జిల్లాలనూ ఎంచుకోవచ్చు. నా దృష్టిలో దీని అసలు ఉపయోగం అదే. హైదరాబాదులోనో బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉద్యోగం చేసుకుంటూ, అమ్మానాన్నలను అమలాపురంలోనో ఉద్దానంలోనో ఉంచినవారికి టవర్ చాటింపు చేరే అవకాశం లేదు. వారు యాప్‌లో తమ సొంత జిల్లాను పెట్టుకుంటే, ఊళ్లోవాళ్లు నిద్రలో ఉన్నప్పుడు తామున్న చోటి నుంచి ఫోన్ చేసి లేపవచ్చు. భాషగా తెలుగును ఎంచుకోవడం మరిచిపోకండి.

పొలం పనులకు వెళ్లేవారు, గొర్రెలు కాసేవారు ఉన్న ఇళ్లలో దామిని అనే యాప్ కూడా ఉండాలి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన ఈ యాప్, మీకు 20 నుంచి 40 కిలోమీటర్ల లోపల పిడుగులు పడుతున్నాయో లేదో చూపుతుంది. లొకేషన్ అనుమతి ఇవ్వకపోతే ఇది అలంకారానికే.

భూకంపానికి వేరే యాప్ అక్కర్లేదు. 2023 సెప్టెంబరు నుంచి మన దేశంలోనూ గూగుల్ ఆండ్రాయిడ్ ఫోన్లలో భూకంప హెచ్చరికలు ఇస్తోంది. కదలకుండా ఉన్న వేలాది ఫోన్లలోని కదలికలను పసిగట్టే పరికరాలే చిన్నపాటి భూకంప కేంద్రాలుగా పనిచేస్తాయి. ముందు చేరే బలహీనమైన తరంగాలను పసిగట్టి, వెనక వచ్చే బలమైన తరంగాలకంటే ముందే ఇంటర్నెట్ మీదుగా సమాచారం పంపడమే దీని కిటుకు. సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ విభాగంలోనే దీని స్విచ్ ఉంటుంది, డేటా, లొకేషన్ రెండూ పనిచేస్తూ ఉండాలి. 2024 డిసెంబరు 4 ఉదయం 7.27కు ములుగు ప్రాంతంలో 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు హైదరాబాదు, విజయవాడ దాకా ఇళ్లు ఊగాయి. అలాంటి సందర్భంలో కేంద్రానికి దగ్గరగా ఉన్నవారికి ముందస్తు సమయమేమీ మిగలదు. దూరాన ఉన్నవారికి కొన్ని సెకన్లు దొరకవచ్చు, మంచం దిగి బల్ల కిందికి దూరడానికి ఆ సెకన్లు చాలు.

నాలుగో అడుగు: సందేశాన్ని చదవడం నేర్చుకోవడం

హెచ్చరికలు ఎందుకంత పొట్టిగా, తంతి భాషలో ఉంటాయని చాలామంది విసుక్కుంటారు. కారణం మన లిపిలోనే ఉంది. 'హెచ్చరిక' అనే మాటనే తీసుకోండి. మన లెక్కలో అది నాలుగు అక్షరాలు: హె, చ్చ, రి, క. ఫోన్ లెక్కలో మాత్రం ఎనిమిది: హ, దానికి ఎత్వం, చ, పొల్లు, మరో చ, ర, దానికి గుడి, చివర క. ఇంగ్లీషులో ఒక ఎస్‌ఎంఎస్‌లో 160 అక్షరాలు పడితే, తెలుగులో ఇలాంటి ముక్కలు 70 మాత్రమే పడతాయి. సెల్ బ్రాడ్‌కాస్ట్‌లోనూ ఇంతే. ఒక పుటకు ఇంగ్లీషులో 93 అక్షరాలు, తెలుగులో 40 ముక్కలు, గరిష్ఠంగా 15 పుటలు. అంటే తెలుగు హెచ్చరిక రాసేవారికి దక్కే చోటు సుమారు 600 ముక్కలు. దానిలోనే ఊరు, సమయం, ముప్పు, జాగ్రత్త అన్నీ ఇమడాలి. కనుక మిగిలినది చదివేవారే పూరించుకోవాలి.

చదివేటప్పుడు మొదట చూడవలసింది ముప్పు పేరు కాదు, ప్రాంతం, సమయం. మండలం పేరు మీదేనా? ఎన్ని గంటల వరకు వర్తిస్తుంది? స్క్రీన్‌షాట్ల రూపంలో తిరిగే హెచ్చరికల్లో గడువు దాటినవీ ఉంటాయి. ఆ తర్వాత రంగు చూడాలి. పసుపు రంగు పరిస్థితిని గమనిస్తూ ఉండమని, నారింజ సిద్ధంగా ఉండమని, ఎరుపు ఇక చర్యకు దిగమని. ఎరుపు కోసం ఎదురుచూసి సామాను సర్దడం మొదలుపెట్టేవారు ఒక మెట్టు ఆలస్యమైనట్టే, ఎందుకంటే సర్దుకోవలసిన సమయం నారింజ రంగుది.

వాన కొలతలకు అర్థం తెలిస్తే భయం తగ్గి జాగ్రత్త పెరుగుతుంది. వాతావరణ శాఖ పరిభాషలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి 204.4 వరకు అతి భారీ వర్షం, దానికి మించితే అత్యంత భారీ వర్షం. ఈ అంకెలు ఎవరి కళ్లకూ కట్టవు కనుక ఒక లెక్క చెబుతాను. 200 గజాల స్థలంలో 20 సెంటీమీటర్ల వాన కురిస్తే, ఆ ఒక్క స్థలం మీద పడే నీరు సుమారు 33 వేల లీటర్లు. పది వేల లీటర్ల ట్యాంకర్లు మూడింటిని మీ ఇంటి మీద కుమ్మరించి, ఇంకా నాలుగోది తెరిచినట్టు. వీధిలోని ప్రతి ఇంటికీ అంతే నీరు, అన్నిటికీ కలిపి ఉన్నది ఒకే మురుగు కాలువ.

గోదావరి, కృష్ణా తీరాల వారికి అంకెలు పాఠంలా వస్తాయి కానీ కొత్తగా అద్దెకు వచ్చినవారి కోసం చెప్పాలి. భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో అక్కడ నది 75.6 అడుగులు చేరింది, 2022 జులైలో 71.3 అడుగులు. ధవళేశ్వరం వద్ద మొదటి హెచ్చరిక 11.75 అడుగులకు, రెండోది 13.75కి, మూడోది 17.75కి ఇస్తారు. ప్రకాశం బ్యారేజీ లెక్క అడుగుల్లో కాక ప్రవాహంలో, అంటే సెకనుకు ఇన్ని ఘనపుటడుగులని (క్యూసెక్కుల్లో) చెబుతారు: 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటిది, 5.69 లక్షలకు రెండోది. 2024 సెప్టెంబరు ఆరంభంలో అదే బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి. ఎగువన అంకె ఎంత ఉన్నప్పుడు మీ వీధిలోకి నీరు వస్తుందో పాతకాపులను అడిగి, తలుపు వెనక సుద్దముక్కతో రాసుకోవడం ఏ యాప్‌కూ తీసిపోని పని.

ఒక మాట పోర్టుల హెచ్చరికల గురించి. కాకినాడలోనో మచిలీపట్నంలోనో ఏడో నంబరు, పదో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారన్న వార్త చూసి బెంబేలెత్తనక్కర్లేదు. ఒకటి నుంచి పదకొండు వరకు ఉన్న ఆ సంకేతాలు ఓడలకు, రేవులకు ఉద్దేశించినవి. ఇంట్లోవారు చూడవలసింది తమ మండలానికి వచ్చిన సందేశాన్నే.

సునామీ హెచ్చరికలకు వేరే మెట్లు ఉన్నాయి. వార్నింగ్ అంటే తీరం ఖాళీ చేయడం, అలర్ట్ అంటే ఒడ్డు దరిదాపులకు వెళ్లకపోవడం, వాచ్ అంటే తదుపరి సమాచారం కోసం గమనిస్తూ ఉండటం. ఈ మూడింటినీ తెలుగులో ఒకే హెచ్చరిక అన్న మాటతో అనువదించి గందరగోళం చేసే వార్తలు వస్తుంటాయి కనుక మూల సందేశంలోని ఇంగ్లీషు మాటతో సరిపోల్చుకోండి.

ఐదో అడుగు: మోగిన తర్వాతి మొదటి నిమిషాలు

పిడుగు హెచ్చరిక ఇచ్చే సమయం చాలా తక్కువ. మెరుపు కనిపించాక ముప్పై లెక్కపెట్టేలోపు ఉరుము వినబడితే మీరు ప్రమాద పరిధిలో ఉన్నట్టు. నాట్లు వేస్తున్నా, మిర్చి కోస్తున్నా పని అక్కడికక్కడే ఆపి పక్కా ఇంట్లోకి గానీ, అద్దాలు మూసిన కారులోకి గానీ వెళ్లాలి. ఒంటరి తాటిచెట్టు, చింతచెట్టు, పొలంలో మోటారు గది రేకుల చూరు ఏవీ రక్షణ కావు. వెళ్లే చోటు లేకపోతే గుంపుగా కాక విడివిడిగా, పాదాలు దగ్గర పెట్టి గొంతుక్కూర్చోవాలి తప్ప నేల మీద పడుకోకూడదు. చివరి ఉరుము విన్నాక అరగంట గడిచేదాకా బయటికి రాకండి. వాన తగ్గిందని పది నిమిషాలకే గట్టు ఎక్కడం ప్రమాదం.

వరద హెచ్చరిక వచ్చినప్పుడు మనవాళ్ల చేయి మొదట బండి తాళాలవైపు వెళ్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ వైపు నీరు చుట్టుముట్టినప్పుడు మిద్దెల మీద రోజుల తరబడి చిక్కుకున్నవారికి తాగునీరు, మందులు, ఫోన్ ఛార్జింగ్ బండికంటే ఎంతో విలువైనవయ్యాయి. కనుక వరుస ఇలా ఉండాలి: మెయిన్ స్విచ్ కట్టడం, గ్యాస్ సిలిండరు రెగ్యులేటరు తీయడం, బిందెలనిండా తాగునీరు పై అంతస్తుకు చేర్చడం, బీపీ, షుగరు మందులూ ఆధార్, పట్టా కాగితాలూ ప్లాస్టిక్ సంచిలో కట్టడం, ఆ తర్వాత పశువుల పలుపులు విప్పడం. కట్టేసిన గేదె నీటిలో ఈదలేదు. బండి సంగతి వీటన్నిటి తర్వాత.

తుపానుకు రెండు మూడు రోజుల వ్యవధి దొరుకుతుంది కాబట్టి అక్కడ తొందరకంటే క్రమం ముఖ్యం. పూరిల్లు, పెంకుటిల్లు ఉన్నవారు పునరావాస కేంద్రానికి పగటిపూటే చేరాలి. గాలి ఒక్కసారిగా ఆగిపోయి ఆకాశం తేటపడితే తుపాను దాటిందనుకోవద్దు, అది తుపాను కన్ను, అంటే దాని నడిమి ప్రశాంత భాగం, మీ మీదుగా పోతున్న గుర్తు కావచ్చు. కాసేపట్లో గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది.

ఆరో అడుగు: ఫోన్ లేనివారి దాకా మాట చేర్చడం

చాటింపు టవర్‌తో ఆగిపోతే సగం ఊరికే తెలుస్తుంది. వినికిడి లేనివారి ఫోన్‌లో వైబ్రేషన్, ఫ్లాష్ వెలుగు రెండూ పెట్టి, రాత్రి దిండు కింద ఉంచుకోమనాలి. చదవడం రాని పెద్దలకు ఎవరు ఫోన్ చేసి చెప్పాలో ఇంట్లో పేరు పెట్టి నిర్ణయించుకోవాలి. అందరూ చెబుతారులే అనుకుంటే ఎవరూ చెప్పరు. పొరుగున ఒంటరిగా ఉండే అవ్వ, ఇటుక బట్టీల్లో ఉండే ఒడిశా కూలీలు, వారి భాషలో ఒక్క మాట చెప్పగల మేస్త్రీ, వీరి జాబితా చిన్నదే అయినా ముందే ఉండాలి.

వేటకు వెళ్లిన మత్స్యకారులకు తీరం నుంచి పది పన్నెండు కిలోమీటర్లు దాటితే సెల్ సిగ్నల్ దొరకదు. వారి కోసం ఇన్‌కాయిస్ 2019లో జెమిని అనే పరికరాన్ని తెచ్చింది. మన దేశపు దారిచూపే వ్యవస్థ గగన్ ఉపగ్రహాల నుంచి వచ్చే సందేశాన్ని అది బ్లూటూత్ ద్వారా పడవలోని ఫోన్‌కు చేరుస్తుంది. అది లేని పడవలు బయలుదేరే ముందే ఐదు రోజుల సముద్ర సమాచారం చూసుకోవాలి.

ఏడో అడుగు: టవర్లు కూలిన రాత్రి కోసం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు కరెంటూ, ఫోన్లూ రెండూ పోయాయి. హెచ్చరిక వ్యవస్థ ఎంత గొప్పదైనా టవర్ నిలబడి ఉన్నంతసేపే. అందుకే నారింజ రంగు సందేశం రాగానే పవర్ బ్యాంకులు నింపి, ఫోన్ తెర వెలుతురు తగ్గించి, వీడియోలు కట్టేయాలి. బ్యాటరీతో నడిచే రేడియో ఒకటి ఇంట్లో ఉంచుకోండి. దాన్ని నవ్వులాటగా తీసుకునేవారికి, రాత్రంతా గాలి హోరులో ఒక మనిషి గొంతు తెలుగులో వినిపించడం ఎంత ధైర్యమో చెప్పి ఒప్పించలేం.

అంతగా తెలియని ఒక వెసులుబాటు ఉంది. పెద్ద తుపానుల సమయంలో టెలికాం శాఖ ఇంట్రా సర్కిల్ రోమింగ్‌ను అనుమతిస్తుంది. అంటే మీ కంపెనీ టవర్ పడిపోయినా, నిలబడి ఉన్న మరో కంపెనీ టవర్‌కు మీ ఫోన్ తగులుకోగలదు. ఇందుకు మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగుల్లో ఆపరేటర్ ఎంపిక ఆటోమేటిక్‌గా ఉండాలి. అది పనిచేయకపోతే మాన్యువల్‌గా మార్చి, జాబితాలో కనిపించిన వేరే పేరును ఎంచుకుని చూడాలి. కాల్ కలవకపోయినా ఎస్‌ఎంఎస్ పోయే అవకాశం ఉంటుంది కనుక క్షేమ సమాచారం పొట్టి మెసేజుగా పంపండి.

ఏ అత్యవసర సహాయానికైనా 112, రాష్ట్ర విపత్తు కంట్రోల్ రూమ్‌కు 1070, జిల్లా కంట్రోల్ రూమ్‌కు 1077. ఈ మూడు నంబర్లనూ ఫోన్‌లోనే కాదు, వంటింటి గోడ మీద క్యాలెండరు పక్కన కూడా రాసి ఉంచండి.

నకిలీలను పట్టుకోవడం

నిజమైన విపత్తు హెచ్చరిక మిమ్మల్ని ఓటీపీ అడగదు, బ్యాంకు వివరాలు అడగదు, యాప్ ఫైలు దించుకోమని లింకు పంపదు, పదిమందికి ఫార్వర్డ్ చేయమని బతిమాలదు. అనుమానం వస్తే సచేత్ యాప్‌లో గానీ, దాని వెబ్‌సైటులో గానీ మీ జిల్లా పేరు మీద అదే హెచ్చరిక ఉందో లేదో చూడండి. ఆనకట్ట తెగిందని వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపేవారు ప్రతి వరదలోనూ ఉంటారు. విపత్తు నిర్వహణ చట్టం, 2005లోని 54వ సెక్షన్ ప్రకారం భయాందోళన కలిగించే తప్పుడు హెచ్చరికను ప్రచారం చేస్తే ఏడాది వరకు జైలు శిక్ష గానీ జరిమానా గానీ పడుతుంది. ఫార్వర్డ్ చేశాను గానీ నేను రాయలేదన్న సమాధానం అక్కడ అంతగా పనికిరాదు.

నిజమైన వ్యవస్థ కూడా పొరబడుతుంది. 2018 జనవరి 13న అమెరికాలోని హవాయి దీవులలో క్షిపణి వస్తోందన్న హెచ్చరిక పొరపాటున వెళ్లింది, అది తప్పని చెప్పే రెండో సందేశం రావడానికి 38 నిమిషాలు పట్టింది. అక్కడ జనం పిల్లలను మ్యాన్‌హోళ్లలోకి దించేందుకు కూడా ప్రయత్నించారు. అయినా నా సలహా మారదు: మోగినప్పుడు ముందు జాగ్రత్తపడి, తర్వాత సరిచూసుకోండి. పిడుగు హెచ్చరిక తప్పైతే అరగంట పని పోతుంది, అంతే.

ఇప్పుడు ఈ పేజీని పక్కన పెట్టి, ఫోన్ సెట్టింగ్స్‌లోని సెర్చ్ గడిలో ఎమర్జెన్సీ అని టైపు చేయండి. మీది చూశాక అమ్మ ఫోన్ తీసుకోండి.